ఏడెన్‌లో నా కుర్చీ

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. హైస్కూల్లో లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. జమ్మలమడుగులో మా వీధి చివరి ఇంట్లో ఏదో తిరుగుతోందని అందరూ అనుకునే రోజుల్లో ఆ ఇంట్లోనే ఏడాదిన్నర కాపురం చేశాను. ఎలుకలు తప్ప ఏమీ తిరగలేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా దయ్యం కథ అనుకుని చెప్పడం లేదు. ఏమనుకుని చెప్పాలో తెలియక ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను, అంతే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లు కావస్తున్న రోజులు. ఇథియోపియాలో మన టీచర్లను తీసుకుంటున్నారని తెలిసి దరఖాస్తు పెట్టాను. ఉద్యోగం వచ్చింది. ప్రొద్దుటూరులో మావాళ్లకు ఆ దేశం పేరు నోరు తిరగడానికే వారం పట్టింది. బొంబాయిలో విమానమెక్కి ఏడెన్‌లో దిగాలి. అక్కడ ఇంకో విమానం. రెంటికీ మధ్య పద్నాలుగు గంటలు.

నాకంటే ముందు అదే దారిన వెళ్లిన మిత్రుడొకడు ఆ పద్నాలుగు గంటల గురించే రెండు పేజీల ఉత్తరం రాశాడు. విమానాశ్రయంలో ఈగలు తోలుకుంటూ కూర్చోవద్దన్నాడు. పెట్టె అక్కడే అప్పగించి, పాస్‌పోర్టూ వాళ్లిచ్చే చీటీ లోపలి జేబులో పెట్టుకోవాలి. ముందు మొహం కడుక్కుని, ఇంటినుంచి తెచ్చుకున్నది తినేయాలి. తర్వాత ఊళ్లోకి పోవాలి. కొండల మధ్య వాననీళ్లు పట్టే పాతకాలపు రాతి తొట్లున్నాయి, చూడాలి. ఫౌంటెన్ పెన్నులు చౌక, ఒకటి కొనాలి. విమానానికి రెండు గంటల ముందే వెనక్కి రావాలి. మా వీధి పిల్లలు ఎవరైనా విదేశం పోతుంటే ఇప్పటికీ నేను ఇవే చెప్తాను. కాలం పారబోసుకునేవాళ్లంటే నాకు మొదటినుంచీ మంట.

అయితే ఆ పద్నాలుగు గంటలకు నాకు వేరే పని కూడా పడింది.

జమ్మలమడుగులో మా వెనక వీధిలో హుసేనమ్మ అని ఉండేది. ఆమె భర్త దస్తగిరి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. విల్లు భుజాన వేసుకుని వచ్చి, మా ఇంటి వసారాలో కూర్చుని మా పరుపులు కూడా రెండుసార్లు ఏకిపోయాడు. తర్వాత బొంబాయి వెళ్లి, అక్కడ ఓడలకు పరుపులు కుట్టేవాళ్లతో చేరి ఏడెన్ చేరాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి. ఆయన అక్కడ ఎవరిచేతో రాయించేవాడు, ఇక్కడ ఆమెకు నేను చదివి పెట్టేవాణ్ణి. జవాబూ నేనే రాసేవాణ్ణి. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. మేం రాసినవి తిరిగొచ్చేవి. అలా మూడేళ్లు.

హుసేనమ్మ అన్నలు ప్రొద్దుటూరులో ఉండేవాళ్లు. ఇక వాడు లేడనుకోమని, ఇంకో సంబంధం చూశారు. చెడ్డవాళ్లు కాదు. చెల్లెలు ఒంటరిగా పడే బాధ చూడలేకపోయారు. ఆమె ఔననలేదు, కాదనలేదు. నేను ఏడెన్ మీదుగా పోతున్నానని తెలిసి, పాత కవరొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని వెనక ఇంగ్లీషులో అడ్రసుంది.

"ఉండాడంటే కాసుకోని ఉంటా. లేడంటే ఒకతూరి ఏడ్చుకుంటా. యేదీ తెలీకుండా ఎట్ల బతికేది అయివారూ?" అంది.

అన్నలు ఆమెకు నెల గడువిచ్చారు. నేను చూసి ఉత్తరం రాస్తానన్నాను.

ఏడెన్‌లో పొద్దున ఎనిమిదికి దిగాం. మా ఎండలే ఎండలు అనుకునేవాణ్ణి అంతదాకా. మిత్రుడు రాసినట్టే అన్నీ చేసి, తొమ్మిదిన్నరకల్లా ఊళ్లోకి పోయే బండిలో కూర్చున్నాను. చుట్టూ నల్లటి కొండలు, మధ్యలో ఊరు. కవరు మీదున్న అడ్రసుకు పోతే అక్కడిప్పుడు గడియారాల దుకాణముంది. యజమాని గుజరాతీ. పరుపులవాడెవరో తనకు తెలీదన్నాడు. పక్కన నలుగురైదుగుర్ని అడిగాను. ఒకతను హార్బరు వైపు పొమ్మన్నాడు, ఒకతను ఆసుపత్రిలో అడగమన్నాడు. రెండు చోట్లకూ పోయాను. లాభం లేకపోయింది. రాతి తొట్లూ చూడలేదు, పెన్నూ కొనలేదు. మధ్యాహ్నం రెండైంది. ఏం మొహం పెట్టుకుని హుసేనమ్మకు ఉత్తరం రాయాలో తెలియక ఒక సందులో నీడకు నిలబడ్డాను.

అప్పుడు వినిపించింది. టుంయ్, టుంయ్ మని దూది ఏకే విల్లు చప్పుడు. మా వసారాలో విన్న చప్పుడే.

సందు చివర చిన్న కొట్టు. గాలి నిండా దూది. లోపల దస్తగిరే కూర్చుని ఉన్నాడు, గడ్డం నెరిసింది. ఒక కాలు చాపి ఉంది. నేను గడప దాకా వచ్చేసరికి, నాకంటే ముందు లోపలికి పోయిన ఒక అరబ్బు బేరగాడు అక్కడున్న ఒకే ఒక కుర్చీలో కూర్చోబోయాడు. దస్తగిరి గట్టిగా ఏదో అని, చెయ్యి ఊపి అతన్ని లేపాడు. తర్వాత నన్ను చూశాడు. ఉలిక్కిపడలేదు. ఆశ్చర్యపోలేదు.

"వచ్చినావా అయివారూ. శానా ఆలస్యమాయె. కూచో, నీ కుర్చీనే," అన్నాడు.

కుర్చీ మీద ఒక తువ్వాలు పరిచి ఉంది.

మా వైపు బస్సుల్లో సీటు పట్టే పద్ధతి తెలిసిందే. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తాం. ఇక ఆ సీటు మనది. మనిషి ఎప్పటికి ఎక్కినా సరే, ఆ తువ్వాలు తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదు. కూర్చుంటే గొడవలు ఎక్కడిదాకా పోతాయో చెప్పలేం. ఇక్కడ ఈ సముద్రాల అవతల కూడా మావాడు ఈ అలవాటు మానలేదే అని నవ్వుకుంటూ తువ్వాలు చేతిలోకి తీసుకున్నాను.

అది నా తువ్వాలు.

నా దానిలాంటిది కాదు, నాదే. ఒక మూల చిరిగితే మా ఆవిడ తెల్లదారం లేక పచ్చదారంతో కుట్టింది. ఆ కుట్టుంది. పరీక్ష పేపర్లు దిద్దుతూ నేను ఎర్రసిరా ఒలకబోసుకుని తుడిచిన మరకుంది. అంతకుముందు ఏడు పరీక్షల డ్యూటీకి పులివెందుల పోయి, ఆఖరి రోజు మూడున్నర బస్సులో సీటుకని కిటికీలోంచి వేసిన తువ్వాలు అది. లోపలికెక్కి చూస్తే సీట్లో ఎవరో పెద్దాయన కూర్చున్నాడు. తువ్వాలు లేదు. నేను తీయలేదని ఆయన ఒట్టు వేశాడు, కండక్టరు ఆయన వైపే మాట్లాడాడు. ముద్దనూరు దాకా నిలబడే పోయాను, పోయినంతసేపూ సణుగుతూనే ఉన్నాను.

"ఇది నీకు యాడ దొరికింది?" అని అడిగాను.

"యాడ దొరికేది ఏంది? పోయినేడు నువ్వే గదా ఏసిపోయింది," అన్నాడు దస్తగిరి. "రంజాన్ నెల, ఇరవయ్యేడో రోజా. మద్దేన్నం నమాజు చేసుకోని లేసినా. టీ తెప్పిస్తా అంటే, ‘నువ్వు ఒక్కపొద్దు ఉండావు, నీ ముందర నేనెట్ల తాగేది’ అంటివి."

నేను కూర్చున్నాను.

ఆయన తన పని ఆపకుండానే మిగతాది చెప్పాడు. నాకు తెలిసిన సంగతే అన్నట్టు, గుర్తు చేస్తున్నట్టు చెప్పాడు. ఓడలోకి పరుపులు మోస్తూ జారి పడ్డాడు. కాలు విరిగింది. నెలల తరబడి ఆసుపత్రి. పని పోయింది. ఉత్తరాలు రాసిపెట్టే తెలుగాయన ఊరు వెళ్లిపోయాడు. కుంటివాడిగా ఇంటికి పోయి హుసేనమ్మ నెత్తిన కూర్చోవడం కంటే చచ్చాడనుకోనివ్వడమే మేలనుకున్నాడు.

"ఆ పొద్దు సముద్రం కాడికని లేసినా అయివారూ. మల్ల తిరిగొచ్చేది లేదనే లేసినా. చూస్తే వాకిట్లో నువ్వు నిలబడుండావు. నువ్వు చెప్పిన ఆ ఒక్క మాట ఇన్నాక కాళ్లు ముందుకు పడలా. మల్ల వస్తా, అంతదాకా యాడికీ పోవద్దని తువ్వాలేసి పోయినావు. తువ్వాలేసినాక మనిషి రాకుండా ఉంటాడా? అందుకే ఈన్నే ఉండా."

ఆయన విల్లు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"హుసేనమ్మకు చెప్పినావు గదా? ‘నేనే చెప్తా, నువ్వు రాయించొద్దు’ అంటివి. ఏమనె ఆమె?"

ఆ క్షణం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అది నేను కాదు అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. నిజం చెప్పడమే నా వృత్తి. కానీ ఆ మనిషి ఏడాదికి పైగా ఆ రాక మీదే నిలబడి ఉన్నాడు. అది లాగేస్తే ఏం మిగులుతుందో నాకు తెలియలేదు. భయమేసింది. ఆయన కోసమే వేసింది.

"చెప్పలేదు దస్తగిరీ. నాదే తప్పు," అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. అప్పుడు అన్నల సంగతీ, గడువు సంగతీ అన్నీ చెప్పాను. హుసేనమ్మ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. కాసుకోని ఉంటా అన్నదని చెప్పేసరికి ఆయన దూది కుప్పలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. చేయని తప్పుకు నేను కూడా ఎందుకో ఏడ్చాను.

తర్వాత కూర్చోలేదు. ఇద్దరం టెలిగ్రాఫ్ ఆఫీసుకు పోయాం, ఆయన కర్ర పట్టుకుని కుంటుతూ. దస్తగిరి బతికే ఉన్నాడు, హుసేనమ్మను ఆగమను అని మా ఆవిడ పేర తంతి ఇచ్చాను. అక్కడే బల్ల మీద ఉత్తరం రాసి ఆయన వేలిముద్ర వేయించాను. విమానానికి రెండు గంటల ముందే వెనక్కి చేరాను. ఆ పద్నాలుగు గంటల్లో అంతకంటే గట్టి పని నేను జీవితంలో చేయలేదు.

తంతి సమయానికే అందింది. పెళ్లి మాట ఆగిపోయింది. దస్తగిరి కొన్ని నెలలకు ఓడలో బొంబాయి వచ్చి, అక్కణ్ణుంచి రైల్లో ఇంటికి చేరాడు.

సెలవులో ఊరొచ్చినప్పుడు నేను లెక్క చూసుకున్నాను. మసీదు పెద్దాయన దగ్గర పాత రంజాన్ పట్టీ ఉంటే అడిగి చూశాను. ఆ ఇరవయ్యేడో రోజా, పులివెందులలో నా పరీక్షల డ్యూటీ ఆఖరి రోజూ ఒకటే. ఏడెన్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అంటే మూడున్నరకు నేను కిటికీలోంచి తువ్వాలు వేసేటప్పటికి అక్కడ ఒంటిగంట. నమాజు చేసుకుని లేచే వేళ.

దొంగ ఎవడో తువ్వాలు పట్టుకుపోయి ఏడెన్ చేరాడనుకుందాం. నాకేం అభ్యంతరం లేదు. అదే నిమిషానికి ఎలా చేరాడు? నా రూపం ఎక్కడ తెచ్చుకున్నాడు? పోనీ దస్తగిరి కలగన్నాడనుకుందాం. మరి కలలోంచి తువ్వాలు ఎలా రాలింది? నాకు తెలియకుండా నేనే ఊళ్లు తిరుగుతున్నానంటే, మా ఆవిడ ఎప్పుడో కనిపెట్టి ఉండేది. తువ్వాలు తెచ్చి చూపిస్తే, పచ్చదారం చూసి కుట్టు తనదేనంది ఆమె. ఇంకేమీ అడగలేదు.

దస్తగిరి ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. కూర్చున్నచోటే పరుపులు కుట్టేవాడు. నన్ను చూస్తే చాలు, మొదటిసారి నువ్వొచ్చినప్పుడు అంటూ ఎత్తుకునేవాడు. నేను తల ఊపేవాణ్ణి. ఒకసారి ఔనన్నాక కాదనే దారి ఏది? జబ్బుతో మంచాన పడ్డప్పుడు చూడటానికి పోతే నా చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు నువ్వు చెప్పిన మాటతోనే ఇన్నేండ్లు బతికినా అయివారూ," అన్నాడు. అప్పుడు కూడా తల ఊపాను. ఆ మాటేమిటని అడగడానికి అదే ఆఖరి అవకాశమని తెలుసు. అడగలేదు.

ఆయన పోయి నలభై రోజులయ్యాక హుసేనమ్మ మా ఇంటికొచ్చింది. గడప దగ్గరే కూర్చుంది.

"ఏం మాట చెప్పినావు అయివారూ ఆయప్పకు? ఎన్నితూర్లు అడిగినా చెప్పలా. అది అయివారి నోటితోనే ఇనాల, నేను పోయినాక పోయి అడుగు అనె."

ఆమె నా నోటి వైపే చూస్తూ కూర్చుంది. ఏదో ఒక మంచి మాట కల్పించి చెప్పొచ్చు. ఏడెన్‌లో ఒక అబద్ధం ఆడినవాణ్ణే కదా. కానీ ఆ మాటను కల్పించడానికి నాకు నోరు రాలేదు. మరిచిపోయానమ్మా అన్నాను. అంత పెద్ద మాటను ఎట్లా మరిచిపోయావని ఆమె నన్ను కోప్పడలేదు. లేచి వెళ్లిపోయింది.

ఒక మనిషిని సముద్రం దగ్గరికి పోకుండా ఆపిన మాట నా గొంతుతోనే వచ్చిందట. అదేమిటో తెలిసినవాడు పోయాడు. నాకు తెలియదు.