ఉప్పు నిబంధన

నౌపడ ఉప్పు మళ్లలో నాకూ, మా అక్కను చేసుకున్న బావకూ పక్కపక్కనే కుప్పలు ఉండేవి. బైబిల్లో ఉప్పు నిబంధన అంటే ఎన్నటికీ చెడనిదని పాస్టరుగారు చెప్పిన ఆదివారం, మేమిద్దరం దేవుని ఎదుట మాట ఇచ్చుకున్నాం. వానొస్తే మడి దగ్గరున్నవాడు రెండు కుప్పలకూ తాటికమ్మలు కప్పాలి.

ఆ వేసవిలోనే నేను తప్పాను. మబ్బు కమ్మగానే నా కుప్ప ఒక్కటే కప్పి ఇంటికి పరుగెత్తాను. బావ ఉప్పంతా నీరైపోయింది. నేను క్షమించమని కూడా అడగలేదు.

మరుసటి ఏడు జ్వరంతో పడుకుని ఉండగా ఉరిమింది. లేచి వెళ్లేసరికి బావ నా కుప్ప కప్పుతున్నాడు. ఆయనది ఇంకా తెరిచే ఉంది.

"నీది ఇడిసీసి నాదెందుకు కప్పతన్నావు బావా? నాను మాట తప్పినోడిని కదా."

"నువ్వు తప్పినావని నానూ తప్పాలేటి? నాను మాటిచ్చింది దేవుడి ముందర. తర్వాత ఏడుద్దువు గానీ, ఆ కమ్మలందుకోరా."

ఆయన కుప్ప మీద చివరి కమ్మ పడ్డాక వాన దంచికొట్టింది. తెల్లారి చూస్తే రెండు కుప్పలూ చెక్కుచెదరలేదు. మనం తప్పినా దేవుడు తన నిబంధన తప్పడని ఎన్నోసార్లు విన్నాను గానీ, ఆ వానలోనే నమ్మాను. ఆదివారం సంఘం ముందు నా తప్పు ఒప్పుకున్నాను. కీర్తన ఎత్తుకున్నది బావ, అందరికంటే గట్టిగా పాడింది నేను.