ముత్తయ్య కాక చుట్ట, అమ్మ చేసిన ద్రాక్ష వైన్

పెద్ద హోటళ్ళలో ఈ మధ్య సిగార్‌కు జోడీగా తియ్యటి ఎర్ర వైన్ ఇస్తున్నారట. ఆ సంబరం విన్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. మా నాన్న ఆ పని పర్ణశాల అవతలి అడవిలో ఎప్పటినుంచో చేస్తున్నాడు మరి. ఆయన ఖమ్మంలో కిరాయి జీపు నడిపేవాడు. ఏటా క్రిస్మస్ మర్నాడు, అమ్మ నల్ల ద్రాక్షతో చేసిన వైన్ సీసా ఒకటి పట్టుకుని స్నేహితుడు ముత్తయ్య కాక దగ్గరికి వెళ్ళేవాడు. కాక తన పెరటి పొగాకుతో చుట్టలు చుడతాడు. ‘చుట్ట ఒక దమ్ము లాగాలె. నోరు చేదెక్కినంక ఒక్క గుక్క వైన్. అప్పుడు తెలుస్తది తీపంటే ఏందో’ అని నాన్న ఊరించేవాడు. సాయంత్రానికి ఖాళీ సీసాతో, జేబులో ఒక చుట్టతో తిరిగొచ్చేవాడు. ఇంట్లో కాలిస్తే అమ్మ ఊరుకోదని ఆ చుట్టను రేకు డబ్బాలో దాచేవాడు. నాన్న పోయి ఎనిమిది నెలలైంది. ఈసారి సీసా నేను తీసుకెళ్ళాను. ఆ రుచి చూసి ఈ బ్లాగులో రాయాలని ఒక కోరిక. అంతకన్నా, నాన్న గురించి ఆయన స్నేహితుడి నోట నాలుగు మంచి మాటలు వినాలని.

పొద్దున అయిదున్నరకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. సీటు మాత్రం ఉచితంగా రాదు, కొత్తగూడెం దాకా నిలబడే ఉన్నాను, తువ్వాలులో చుట్టిన సీసాను చంటిపిల్లలా ఎత్తుకుని. భద్రాచలంలో దిగేసరికి తొమ్మిదైంది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, రానుపోను వెయ్యి రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను.

“పర్ణశాల అవతల ఏం చూస్తరక్కా? గుడి ఇవతలనే ఉంటది” అన్నాడు డ్రైవర్.

“చుట్ట తాగనీకి పోతున్న, తమ్ముడూ.”

అద్దంలో నన్నొకసారి చూసి, హారన్ కొట్టి ఆటో ముందుకు లాగించాడు.

పర్ణశాల దాటాక కాస్త దూరానికి తారు రోడ్డు అయిపోతుంది. అక్కడి నుంచి టేకు చెట్ల మధ్య మట్టి బాట, దారిలో ఒక వాగు. డిసెంబరులో నీళ్ళు చీలమండ కూడా తడపవు కానీ రాళ్ళు పెద్దవి. డ్రైవర్ నన్ను దిగి నడవమని, ఆటోను మెల్లగా దాటించాడు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపేవాడికి అదేం గండం కాదు.

ముత్తయ్య కాకకు డెబ్బై దాటి ఉంటాయి. వాకిట్లో రెండు మంచాలు ఎదురెదురుగా వేసి, ఒకదాని మీద కూర్చుని ఉన్నాడు. నాన్న పేరు చెప్పి, దావీదు బిడ్డనన్నాను. నా ముఖం కంటే ముందు సీసాను చూశాడు.

“నువ్వచ్చినవ్ అంటెనే సమజైంది, బిడ్డా. ఆయన లేడు.”

నేను రెండు గ్లాసులు తీసి మంచం మీద పెట్టాను. “ఒక చుట్ట ఇయ్యి కాకా. మీరిద్దరు తాగినట్టే తాగుత.”

“మేం తాగలె.”

“ఏటేటా తాగేటోళ్ళు కదా?”

“ఇరవై ఏండ్ల కింద బందైంది. ఆయన గా మంచం, నేను గీ మంచం, నడుమ సీసా. ఒక చుట్ట చుట్టి పక్కన పెడుతుంటి. ఇద్దరం ముట్టకపోతుంటిమి. పొద్దు వాలినంక చుట్ట జేబుల ఏస్కొని, సీసా వాగుల గుమ్మరించి పోతుండె.”

ఎందుకని అడిగాను. నేల చూస్తూ చెప్పాడు. ఇరవై ఏళ్ళ కింద ఇలాంటి రోజే ఇద్దరూ బాగా తాగి ఉండగా కాక భార్య ఊపిరాడక పడిపోయింది. జీపు వాకిట్లోనే ఉంది. దవాఖానాకని నాన్నే నడిపాడు. వాగు రాళ్ళ మధ్య చక్రం ఇరుక్కుంది. “ఇద్దరం తోసినం. మాకే కాళ్ళు నిలుస్తలేవాయె” అన్నాడు కాక. ఊరివాళ్ళు వచ్చి జీపు లేపేసరికి వెనక సీట్లో ఆమె ప్రాణం పోయింది. జీపు ఒకసారి వాగులో దెబ్బతిన్నదని మాత్రమే మాకు తెలుసు.

“మరి నాన్నను రావద్దని ఎందుకు అనలె?”

“ఇంకో గిలాస పొయ్యమన్నది నేనే. ఏ నోటితోని అంటా?”

నాకు నాన్న మీద ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళు తాగని వైన్ రుచి చెప్పి మమ్మల్ని ఊరించాడు. ఏటా ఆ ఖాళీ సీసాను కడిగి బోర్లించింది నేనే. సీసాను మళ్ళీ తువ్వాలులో చుట్టబోతుంటే కాక ఆపాడు.

“మూత తియ్యి. ఇంక ఎవరి కోసం దాస్తవ్?”

అక్కడ తాగే ముందు చనిపోయినవాళ్ళకు నేల మీద కాస్త వంపుతారు. భార్య పేరు చెప్పి ఒక గుక్కెడు వంపాడు. తర్వాత సీసా నా చేతికిచ్చాడు.

“మీ నాయనకు నువ్వు పొయ్యి, బిడ్డా. నాతోని కాదు.”

పోశాను. మిగిలింది రెండు గ్లాసుల్లో కాస్త కాస్త వంపాను. కాక చుట్ట వెలిగించి నాకిచ్చాడు కానీ తన గ్లాసు ముట్టలేదు. నాన్న చెప్పినట్టే దమ్ము లాగి, గుక్క మింగాను. ముందు లవంగం వాసన, వెనకే పాకం లాంటి తీపి. నిజంగానే బాగుంది. తీపి దిగిపోయాక గొంతులో మళ్ళీ పొగాకు చేదు లేచింది. ఆ సంగతి నాన్న ఎప్పుడూ చెప్పలేదు.

తిరుగుదారిలో వాగు దగ్గర దిగి, మిగిలిన వైన్ రాళ్ళ మీద గుమ్మరించాను. ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఖాళీ సీసా చూసి అమ్మ ముఖం వెలిగింది. “మంచిగున్నదన్నడా?” అని అడిగింది. నలభై రోజులు జాడీలో కలియబెట్టిన చేతులవి. “అవ్, మంచిగున్నదన్నడు” అన్నాను. దారి పొడుగునా నాన్నను తిట్టుకుంటూ వచ్చిన నాకు ఆ అబద్ధం ఆడటానికి నిమిషం కూడా పట్టలేదు. నాన్నకు మొదటిసారి ఎంత సేపు పట్టిందో. అమ్మ ఈ బ్లాగు చదవదు.

వెళ్ళేవాళ్ళకు ఒక సలహా: చుట్టా వైనూ మీ ఇష్టం, తిరిగి తీసుకొచ్చే డ్రైవర్‌కు మాత్రం గ్లాసు ఇవ్వకండి.