తాత తాడుకు నేనేసిన ముడి

నా చిన్నప్పుడు మా తాత మెడల ఎప్పుడు చూసినా ఒక మోదుగ నార తాడు వేలాడుతుండేది. తెల్వనోళ్ళు అది ఎద్దును కట్టే పలుపనుకునేటోళ్ళు. కాదు, అది చెట్లను కొలిచే తాడు. దాని మధ్యల ఒక ముడి. ఆ ముడిని జంగలాతు జవాను, అంటే అడవిని కాసే సర్కారు మనిషి, తన చేతితోనే బిగించి ఇచ్చిండు.

అప్పుడు మా ఆదిలాబాద్ అడవులల్ల సర్కారు ఒక పద్ధతి పెట్టింది. అడవిని కూపులని ముక్కలు చేసి, ఏడాదికొక్క ముక్కల్నే చెట్లు కొట్టాలె. అందుల గూడ సన్న చెట్టును ముట్టద్దు. తాడును చెట్టు చుట్టూ తిప్పితే కొస ముడిని అందుకున్నదా, అది ఇంకా పిల్ల చెట్టు, ఒదిలిపెట్టాలె. అందలేదా, కొట్టొచ్చు. మా ఊర్ల అందరికీ ఈ పద్ధతంటే ఒళ్ళు మంట. మన అడవికి వీళ్ళ కొలతేందని తిట్టేటోళ్ళు. మా తాత గూడ తిట్టిండు. కానీ తాడు మెడలేసుకున్నంక మాత్రం వెంట్రుకంత తేడా రానియ్యలే. అందుకే జవాను వారానికోసారి వచ్చి, తాత చూపిన చెట్టుకల్లా మారు మాట్లాడకుండ సుత్తె ముద్ర కొట్టి పోయేటోడు.

ఆ మొద్దులు బొగ్గుబాయికి పోయేటివి. బాయి లోపల పైకప్పు కూలకుండ కర్ర దిమ్మెలు నిలబెట్టే పని మా బాపుది. తండ్రి కొలిచిన కర్ర కింద కొడుకు పదిలంగ ఉన్నడని మా అవ్వ నలుగురికీ చెప్పుకొని మురిసేది.

నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు తాత కండ్లకు పొర కమ్మింది. నేనే చెయ్యి పట్టుకొని కూపుకు తీస్కపోయేదాన్ని. ఆ ఎండాకాలం బాట పక్కనున్న లావు చెట్లన్నీ అయిపోయినయి, మిగిలినవి గుట్ట మీద. పాపం ముసలోడు, బండరాళ్ళ మీద ఎక్కి దిగి కాళ్ళు పగిలి నెత్తురు కారేది. కింద బండ్లు ఖాళీగ నిలబడ్డయని కంట్రాక్టరు మనిషి నోటికొచ్చినట్టు తిట్టిండు. రేపు గూడ బండ్లు నిండకుంటే ఇంకొకన్ని పెట్టుకుంటానన్నడు. నాకు ఏడుపొచ్చింది.

తెల్లారి తాత పండ్లు తోముకుంటుంటే దండెం మీది తాడు తీసి, ముడి ఇప్పి, జానెడు కొస దిక్కు జరిపి కట్టిన. ఇగ సన్న చెట్లు గూడ కొలతకొస్తయి, తాతకు గుట్ట ఎక్కే బాధ తప్పుతది. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్న. థూ, నా తెలివి మన్నువడ!

ఆ రోజు బాట పక్క చెట్లన్నీ పనికొచ్చినయి. మూడో చెట్టుకాడ తాత ఆగి, దాన్ని రెండు చేతులతోని పట్టుకొని శానసేపు నిలబడ్డడు. "ఇయ్యాల చెట్లు సన్నగ తగులుతున్నయి బిడ్డా. నా చేతులకు గూడ ముసలితనం వచ్చినట్టున్నది" అన్నడు. తాడును తడిమిండు. ముడి ఉన్నది. మనుమరాలు దాన్ని జరుపుతదని ఆయనకు తోచనే లేదు, తన చేతులనే తప్పుపట్టుకున్నడు. ఎండాకాలమంతా అట్లనే నడిచింది, బండ్లు నిండినయి.

ఆనలు పడ్డంక బాయిల కప్పు కూలింది. బాపు కుడికాలు నలిగిపోతే దవఖానల తొడ దాకా తీసేసిండ్రు. ఇంటికి తెచ్చినంక మంచంల పండుకొని బాపు చెప్పిండు. చేవ ఉన్న దిమ్మె ఇరిగే ముందు పటపటమని చప్పుడు చేస్తదట, ఆ చప్పుడు ఇని మనుషులు ఉరుకుతరట. ఇది పిల్ల కర్ర, చప్పుడు లేకుండనే ఇరిగిందట. గింత సన్నది ఎవడు కొట్టించిండో వాని చేతులిరగ అని తిట్టిండు.

గోడకు ఆనుకొని కూసున్న తాత మెడల తాడు తీసి, కొస నుంచి ముడి దాకా జానలు పెట్టుకుంట పోయిండు. ఆగిండు. మళ్ళ మొదటి నుంచి పెట్టిండు. అప్పుడు నా దిక్కు మొకం తిప్పిండు. కనబడని ఆ కండ్లు నన్నే చూస్తున్నట్టనిపించింది. తాత బాపు దిక్కు తిరిగి, "నేనే కొడుకా. కండ్లు కనబడక తప్పు కొలిచిన" అన్నడు.

మర్నాడు నన్ను కూపుకు తీస్కపొమ్మన్నడు. ఒక్కొక్క సన్న మోడు మీద నా చెయ్యి పెట్టించిండు. కొట్టలే, తిట్టలే. తాడు నా చేతికిచ్చి ముడిని ఎప్పటి జాగల కట్టుమన్నడు. పాత ముడి ఉన్నకాడ నార నలిగి గుర్తు మిగిలింది. ఏడ్చుకుంట కట్టిన. "ఈ ముడి చెట్టు కోసమే అనుకున్న బిడ్డా ఇన్నేండ్లు. కింద నిలబడేటోని కోసం గూడ" అన్నడు. ఆ తర్వాత తాత ఆ పనికి మళ్ళ పోలే.

ఆ దిమ్మె మా కూపుదేనో, వేరే కూపుదో ఎవరు చెప్పగలరు? శాన ఏండ్లు నేను అట్ల అనుకొనే బతికిన. బాపు మాత్రం తాతతోని మాట బంద్ చేసిండు. తాత పోయిననాడు గూడ దగ్గరికి రాలే. నేను ఒక్క మాట చెప్తే అయిపోయేది. నా నోరు పెగలలే.

ఇప్పుడు నాకు ఎనభై దగ్గరికొచ్చినయి. తాడు నా పెట్టెల్నే ఉన్నది. పోయినేడు మనుమన్ని తోల్కొని ఆ కూపుకు పోయిన. ఆ మోడులు ఎప్పుడో చిగురు పట్టి మళ్ళ చెట్లయినయి. ఒక చెట్టుకు తాడు తిప్పితే కొస ముడికి అందలే. ఎందుకేడుస్తున్నవని పిల్లగాడు అడిగితే ఎండ అని చెప్పిన.

బాపు పాణం పోయే ముందు గూడ, కండ్లు కనబడనోడు పని ఇడిచిపెట్టద్దా అని తాతనే తిట్టిండు. నేను పక్కనే కూసొని, ఆయన మిగిలిన ఒక్క కాలు ఒత్తుకుంట ఊకున్న.