వర్గల్ గుట్ట మీద స్టార్ట్ కాని కారు

దౌల్తాబాద్ పశువుల దవాఖానలో నాకు ఉద్యోగం వచ్చి రెండు నెలలైంది. సిద్దిపేట నుంచి పొద్దున బస్సు దొరికితే సాయంత్రం దొరకదు. ఇంటి ముందేమో బాపు కారు ఊరికే నిలబడి ఉంది. భీవండిలో మగ్గాలు నడిపి సంపాదించిన డబ్బుతో కొన్న పాత చిన్న కారది, వయసులో నాకంటే పెద్దది. ఈ ఏడాది రెండుసార్లు దారిలో ఆగిపోయేసరికి బాపుకు దాని మీద మనసు విరిగింది. డ్యూటీకి అందులోనే వెళ్తానని అడిగితే ఆయన ఒక షరతు పెట్టాడు.

"ఆదివారం మీ అవ్వ వర్గల్ పోదామంటుంది. నువ్వే నడుపు. సక్కగ పోయి సక్కగ ఇంటికొస్తే బండి నీది. నడిమిట్ల ఆగిందా, సోమవారం పాతినుము కింద తూకానికేస్త."

ఏడింటికి బయలుదేరి వెయ్యి రూపాయల పెట్రోలు పోయించాను. అది రానుపోను సరిపోయింది. రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ దాటాక గౌరారం దగ్గర వర్గల్ వైపు మళ్ళాలి. బస్సులో వచ్చేవాళ్ళు గౌరారంలో దిగితే ఆటోలుంటాయి. మా కారుకు గంటన్నర పట్టింది. గుట్ట మీద సరస్వతి గుడిలో పిల్లల చేత అక్షరాలు దిద్దించే వాళ్ళే ఎక్కువ. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. నాకు ఈ వేడుకేదీ చేయలేదు, నేరుగా బడిలో కూర్చోబెట్టారు. అవ్వ, అంటే మా అమ్మ, ఆ పిల్లలను చూస్తూ చాలాసేపు నిలబడింది.

దర్శనమయ్యాక నేను పులిహోర కోసం వరుసలో నిలబడ్డాను. ఈలోపు అవ్వ, బాపు కారుకు పూజ చేయించారు. నేను వచ్చేసరికి టైర్లకు పసుపు, అద్దానికి బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. కూర్చుని తాళం తిప్పాను. ఇంజన్ జోరుగా తిరిగింది కానీ అందుకోలేదు. కాసేపాగి మళ్ళీ తిప్పినా అంతే. నిమ్మకాయలు నలగకుండా అట్లాగే ఉన్నాయి.

"సూస్తివా," అన్నాడు బాపు.

పక్కనున్న ఆటో డ్రైవర్ ఖాజా చాచా దిగి వచ్చాడు. "ముంగట దిగుడే కద బేటీ. సెకండ్ గేరేసి ఇడువు, చాలూ అయితది." బాపు అప్పటికే వెనక చేతులానించాడు.

"ఆగు బాపు. తోసుడు బ్యాటరీ పడుకున్నప్పుడు పనికొస్తది. ఇది మంచిగనే తిరుగుతుంది, రోగం వేరే. ఇంజన్ నడవకపోతే దిగుడుల బ్రేకు కూడ గట్టిగ పడది."

"నువ్వు మెకానిక్‌వా?" అన్నాడు చాచా.

"బర్ల దవాఖానల జేస్త చాచా."

"గట్లయితే సూదియ్యి."

నవ్వు వచ్చినా చేతులు ఆపలేదు. దవాఖానలో మేం మొదట మేత తింటుందా, ఊపిరి ఆడుతుందా అని చూస్తాం. ఇక్కడా అదే పద్ధతి. వెనక గొట్టం దగ్గర పెట్రోలు వాసన వచ్చింది, అంటే మేత అందుతోంది. గాలి ఫిల్టర్ శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది కరెంటు. పెట్రోలు వాసన పోయేదాకా ఆగి, డిక్కీలోని పాత స్పార్క్ ప్లగ్‌ను ఇంజన్ ప్లగ్ వైరు ఒకదానికి తగిలించాను. పొడిగుడ్డతో పట్టుకుని ఇంజన్ ఇనుముకు ఆనించి, బాపును తాళం తిప్పమన్నాను. రవ్వ రాలేదు.

తాళం తీయించి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాను. లోపల పచ్చటి చుక్కలు మెరుస్తున్నాయి. వాసన చూస్తే పసుపు.

"అవ్వా, బానెట్ ఎవరు లేపిన్రు?"

"మీ బాపే లేపిండు." అవ్వ ఏమాత్రం తడబడలేదు. "చక్రాలకు బొట్టు వెట్టి, కష్టపడేదానికి వెట్టకపోతే ఎట్లనే? సెంబెడు పసుపు నీళ్ళు వోసిన."

బాపు గుడి గోపురం వైపు తిరిగాడు. "ఇంజన్‌కు తానం వోసినవా అక్కా," అన్నాడు చాచా. "ఇగ ఈతకు గూడ తీస్కపో."

బాపు జేబులోని దస్తితో మూతను లోపలా బయటా తుడిచి, వైర్ల చివరలు ఆరబెట్టి, అరగంట ఎండలో ఉంచాను. అంతలో పులిహోర తినేశాం, చాచాకూ పెట్టాం. మూత బిగించి తాళం తిప్పితే రెండో చుట్టుకే ఇంజన్ అందుకుంది. నిమ్మకాయలు టపటపా పగిలాయి.

ప్రజ్ఞాపూర్‌లో చాయ్ కోసం దిగాం. నేనే అడిగాను: "ఇంతకూ బండి ఆగినట్టా, ఆగనట్టా?"

బాపు గ్లాసు కింద పెట్టి, జేబులోంచి రెండో తాళం తీసి నా ముందుంచాడు. "బండేడ ఆగింది? మేమే ఆపినం."

లేవని బర్రెను మాకు చూపించకముందే అమ్మేద్దామనుకునే వాళ్ళను రోజూ చూస్తుంటాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు, ఒకటికి రెండుసార్లు దెబ్బతిన్నవాళ్ళు అట్లాగే అనుకుంటారు. బాపూ అంతే. కానీ ఎందుకు లేవలేదో ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతే, చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది. సోమవారం కారు తూకానికి పోలేదు, దౌల్తాబాద్‌కు పోయింది.

పాత కారులో గుడికి వెళ్తున్నవాళ్ళకు ఒక్క మాట: బొట్టు ఎక్కడైనా పెట్టుకోండి, నీళ్ళు మాత్రం బానెట్ మూసి ఉండగానే చల్లండి. మా అవ్వ ఇప్పుడు ఇంజన్‌కు పొడి కుంకుమే పెడుతోంది, అదీ నన్ను అడిగి.