బోర్డు మీద నా బిళ్ల

మా యూనిట్ చరిత్ర ఎవరూ రాయలేదు. సౌదీలో తబూక్ వైపు ఒక ఎయిర్‌బేస్‌లో విమానాల దగ్గరికి కరెంటు బండ్లు లాక్కెళ్లి తగిలించడం మా పని. మా బండి కదలకపోతే అక్కడ విమానం స్టార్ట్ కాదు. ఫోటోలు మాత్రం విమానాలకూ, పైలట్లకూ. నేను చేరినప్పుడు యూనిటంటే ఒక రేకుల షెడ్డు, రెండు పాత బండ్లు. షెడ్డు గోడకున్న పనిముట్ల బోర్డు నా చేతులమీదుగానే తయారైంది. ఒక్కో పానా ఆనించి, చుట్టూ ఎర్ర రంగుతో గీత గీశాను. పానా లేకపోతే దాని ఆకారం ఖాళీగా కనబడిపోతుంది.

పానా తీసుకున్నవాడు ఆ ఖాళీలో తన నంబరున్న ఇత్తడి బిళ్ల తగిలించాలి, పానా తిరిగి పెట్టాకే బిళ్ల తీసుకోవాలి. ఒక్క పానా తక్కువైనా, అదెక్కడుందో తేలేదాకా విమానాలు ఎగరవు. ఇది రూలు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేము రూములో దుప్పట్లు, పచ్చళ్లు, చెప్పులు ఎలా కలిపి వాడుకునేవాళ్లమో బిళ్లలూ అలాగే. చేతికందిన బిళ్ల తగిలించి పోవడమే.

మాలో ఒకడిది మా పక్క ఊరు. వీసా ఇప్పించి తెచ్చింది నేనే. ఒకే కంచంలో తిన్నాం. ఓ రోజు తన బిళ్లలన్నీ బోర్డు మీదే ఉన్నాయని నా బిళ్ల తగిలించి పెద్ద పానా పట్టుకెళ్లాడు. సాయంత్రానికి పానా రాలేదు. విమానాలు ఆపేశారు. అందరం బండ్ల కింద పాకుతూ వెతికాం. ఆఫీసరు వచ్చేలోపు వాడు నన్ను షెడ్డు వెనక్కి లాగాడు.

"అన్నా, ఈ ఒక్కసారి నీ మీదేసుకో. నా ఇకామా కార్డు రెన్యూవల్ల ఉంది, వీసా ఇచ్చిన కఫీల్ ఇంటికి తోలేస్తడు. నువ్వు పాతోనివి, నిన్నేమనరు. సల్లవడ్డంక నేనే పోయి చెప్త."

"చెప్తవా?"

"నా బిడ్డ మీద ఒట్టన్నా."

ఒప్పుకున్నాను. పానా తర్వాత ఒక బండి ఇంజను మూత కింద దొరికింది. ఆఫీసరు తిట్టలేదు. నా గేటు పాసు తీసుకుని 'ఖలాస్' అన్నాడు. కంపెనీ నన్ను తోటల్లో డీజిల్ పంపులు బాగుచేసే పనికి తోసింది. నా స్థానంలో వాడు సూపర్‌వైజరయ్యాడు. ఫోన్ చేస్తే మొదట్లో "ఇయ్యాల చెప్త" అనేవాడు. తర్వాత "సారు మారిండన్నా" అన్నాడు. ఆ తర్వాత ఎత్తడం మానేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారని విన్నాను. వీడు వాసాలే పీక్కుపోయాడు.

ఇప్పటికీ పంపు విప్పుతుంటే నెత్తిమీంచి విమానం పోతుంది. దానికి బండి ఎవరు తగిలించారో అనుకుంటాను. ఏదో ఒకరోజు వాడు నిజం చెప్తాడని, నా పాసు నాకొస్తుందని ఆశ మాత్రం చావలేదు.

మొన్న శుక్రవారం తబూక్ బజారులో టీ తాగుతుంటే మన మాట వినబడి ఒకతన్ని పలకరించాను. మా యూనిట్‌లోనే కొత్తగా చేరాడట. ఎలా ఉందని అడిగాను.

"మస్తుందన్నా. మా సూపర్‌వైజరు మనోడే. మొదటిరోజే బోర్డు కాడ నిలవెట్టి యూనిట్ చరిత్రంత చెప్పిండు. ఆ బోర్డు గీసింది ఆయనేనట. ఎన్కట ఒకడు పానా పారేసి విమానాలన్ని ఆపిచ్చిండట. మా సారు వాన్ని సొంతన్న లెక్క సూసుకుండెనట. చెప్పుకుంట కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడన్నా."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. తప్పు నాకు అంటగట్టింది చాలక, బోర్డు కూడా తీసుకున్నాడా!

"ఆ ఒకడు నేనే తమ్మీ," అన్నాను.

అతను నవ్వాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. జరిగిందంతా చెప్పాను. అతని టీ చల్లారిపోయింది.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నా?"

"వాడే చెప్తనన్నడు."

అతను తాళాల గుత్తికున్న ఇత్తడి బిళ్లని కాసేపు వేళ్ల మధ్య తిప్పాడు.

"బిళ్ల సొంత తమ్మునికి గూడ ఇయ్యొద్దని రోజు చెప్తడన్నా, మా సారు."