కళ్లు మూసుకుని చెప్పిన మాట

మా సంఘం రెండుగా చీలిన రోజుల్లో, మా పక్షం రహస్యం అవతలి పక్షానికి ఎవరు చేరవేశారన్న ప్రశ్న వచ్చింది. ఆ గదిలో జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాత చాలా ఏళ్లు చెప్పలేదు. ఆ కథ గుర్తున్నవాళ్లు మావాళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో కొందరికి గుర్తున్నది తప్పు కథ. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్భైల మొదట్లో సైదాబాద్ వైపు మాకొక చిన్న చర్చి ఉండేది. రేకుల కప్పు, ముందు నాలుగు రాతి మెట్లు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బస్సు డిపోల్లోనో కార్ఖానాల్లోనో పనిచేసేవాళ్లు. నేనూ డిపోలో మెకానిక్‌నే. మా పాస్టర్ అయ్యగారికి బదిలీ ఉత్తర్వు రావడంతో గొడవ మొదలైంది. ఆయన ఉండాలని కొందరు, వెళ్లాలని కొందరు. నేను వెళ్లాలన్న పక్షం. ఎందుకని ఇప్పుడడిగితే సరైన కారణం చెప్పలేను. ఆ పక్షాన్ని నడిపించిన సంఘపెద్ద, మేం పెద్దాయన అనేవాళ్లం, మా నాన్న స్నేహితుడు, ఆయన మేనకోడలిని నాకిచ్చే మాట నడుస్తోంది. అంతే.

కొన్ని నెలల్లోనే అనుమానం మాకు అలవాటైపోయింది. ఆరాధన అయ్యాక ఎవరు ఎవరితో నిలబడి మాట్లాడుతున్నారో కనిపెట్టేవాళ్లం. ఎవరి సైకిల్ ఎవరి ఇంటి ముందు ఆగిందో గుర్తుపెట్టుకునేవాళ్లం. పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టినప్పుడు జనం కిటికీ సందులోంచి వీధిలోకి చూస్తారు. మేం అట్లా మా వాళ్లనే చూసుకునేవాళ్లం.

అప్పటికీ రెండు పక్షాల ఇళ్లకూ వెళ్తూ వచ్చిన మనిషి ఒకామె ఉంది. మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం. సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు బైబిల్ వాక్యం చెప్పడం, జబ్బుపడ్డవాళ్ల దగ్గర కూర్చోవడం ఆమె పని. చేతిలో నల్ల గొడుగు, భుజాన గుడ్డసంచి. ఆమె పుట్టింది తరతరాలుగా దేవాలయ సేవలో ఉన్న ఇంట్లో. భర్త పోయాక క్రీస్తును నమ్ముకుని బాప్తిస్మం తీసుకుంది. పుట్టింటివాళ్లు తలుపు మూసేశారు. ఆ వీధిలో ఆమె వస్తుంటే, గుమ్మంలో నిలబడ్డ సొంత అన్న లోపలికి వెళ్లిపోయేవాడు. ఆమె మాత్రం దారి మార్చుకునేది కాదు.

“వాళ్లు నన్ను చూడొద్దనుకుంటె చూడరు. నేను వాళ్లను చూడొద్దని ఎవలన్నరు?” అనేది.

ఆమెకు మిగిలిన ఇల్లు మా సంఘమే.

నెల మొదటి ఆదివారం అందరం ఒకే రొట్టె విరిచి, ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగడాన్ని మేం బల్ల అంటాం. ఒక గురువారం పెద్దాయన ఇంట్లో మా పక్షం కూర్చుంది. “పాత్రలు మన దగ్గరుంటె వాళ్లు బల్ల ఎట్ల పెడ్తరో సూద్దాం” అన్నాడు పెద్దాయన. శనివారం సాయంత్రం ఊడవడానికి చర్చి తలుపు తీస్తారు. అప్పుడు వెళ్లి గిన్నె, పళ్లెం తెచ్చేయాలి. మాట బయటికి పోకూడదని ఆయన ఒక్కొక్కరి ముఖం చూసి చెప్పాడు. వంటింట్లో అక్క ఉంది. కీళ్లనొప్పులతో మూలుగుతున్న పెద్దాయన భార్యకు కాళ్లకు నూనె రాస్తోంది.

మర్నాడు డిపోలో భోజనాల వేళ ఎప్పటిలాగే కొందరం పాత టైర్ల గుట్ట వెనక ప్రార్థనకు నిలబడ్డాం. మిగతావాళ్లవి వేరే సంఘాలు, మా గొడవతో వాళ్లకు సంబంధం లేదు. ఆ రోజు ప్రార్థన నా వంతు. మావాళ్లలో ఒక సంగతి ఉంది. మామూలుగా పెదవి విప్పనివాడు కూడా కళ్లు మూసుకుని ప్రార్థనలోకి దిగితే కడుపులో ఉన్నదంతా చెప్పేస్తాడు. దేవుడికే కదా చెప్పేది అనుకుంటాడు, పక్కన మనుషుల చెవులుంటాయని గుర్తుండదు. పైగా నేను బాగా ప్రార్థిస్తానని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం.

“తండ్రీ, రేపు సాయంత్రం నీ పాత్రల కోసం మేం చర్చికి పోతున్నం. తలుపు కాడ మాకు అడ్డం లేకుండ చెయ్యి” అన్నాను, గొంతెత్తి.

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ఒక కండక్టర్ వెళ్లిపోతున్నాడు. అవతలి పక్షం మనిషి. ప్రార్థన జరిగే చోట ఎవరైనా వచ్చి తలవంచుకుని నిలబడతారు, అడిగేవాళ్లుండరు. ఎప్పుడొచ్చాడో తెలియదు. షెడ్డులో ఇంజన్ల చప్పుడుకి వినపడి ఉండదని నాకు నేనే చెప్పుకున్నాను. మావాళ్లను హెచ్చరించలేదు.

శనివారం మేం వెళ్లేసరికి చర్చి తలుపుకు కొత్త తాళం, మెట్ల నిండా వాళ్లు. మమ్మల్ని చూసి కీర్తన ఎత్తుకున్నారు. మాటా మాటా పెరిగి తోపులాటైంది. పెద్దాయన కింద పడ్డాడు, కళ్లద్దాలు పగిలాయి. లొల్లి సద్దుమణిగాక కండక్టర్ నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

“మస్తు ప్రార్థన చేస్తవ్ తమ్మీ. దేవుడే గాదు, మేం గూడ ఇన్నం.”

ఆ సాయంత్రమే పెద్దాయన ఇంట్లో పంచాయితీ. చెప్పిందెవరు? ఒకరినొకరు చూసుకుని, చివరికి అందరి చూపులూ ఒకే వైపు తిరిగాయి.

“గురువారం వంటింట్ల ఉన్నదెవలు? ఆమెనే గద” అన్నాడొకాయన. “లాడ్ బజార్ల గాజులు జేసేటోళ్ల ఇండ్లకు గూడ పోతదట. ఆడ చాయ్, ఈడ చాయ్. ఏ ఇంటి మాట ఏ ఇంట్ల పడ్తదో ఎవలికెర్క?”

“కన్నోళ్లనే ఇడిసొచ్చింది. ఆమెకు మనమెంత?” అంది ఒకామె.

అక్కను పిలిపించారు. గొడుగు గుమ్మం దగ్గర ఆనించి లోపలికొచ్చింది.

“నేను చెప్పలేదన్నా” అంది పెద్దాయనతో.

“బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పు.”

“ఒట్టు పెట్టొద్దని ప్రభువు చెప్పిండు గదన్నా. చెప్పలేదంటె చెప్పలేదు.”

“తప్పు చెయ్యనోళ్లకు భయమేంది?”

“భయం గాదు. ఆయన వద్దన్న పని జేస్తెనే మీరు నమ్ముతరా?”

ఆమె అన్నది నాకర్థమైంది. అక్కడున్న చాలామందికి అర్థమయ్యే ఉంటుంది. అయినా చెయ్యి పెట్టకపోవడమే రుజువైపోయింది. నేను గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. నోరు విప్పితే పెళ్లి మాట పోతుంది, డిపోలో పేరు పోతుంది. అక్క నా వైపు ఒకసారి చూసినట్టనిపించింది. నిజంగా చూసిందో లేదో నాకు తెలియదు.

పెద్దలు మళ్లీ చెప్పేదాకా ఆమెకు బల్ల లేదన్నారు. ఇళ్లకు తిరగడం బంద్ అన్నారు.

పెద్దాయన ఇంట్లోనే మా పక్షం ఆరాధన మొదలుపెట్టింది. గిన్నెకు బదులు స్టీలు గ్లాసు, ద్రాక్షరసానికి బదులు ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన నీళ్లు. రొట్టె పళ్లెం పట్టుకుని తిరిగే పని నాకిచ్చారు. రావద్దని ఎవరూ అనలేదు కాబట్టి అక్క వచ్చేది. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చునేది. పళ్లెం ఆమె దాకా వచ్చేసరికి నేను దాన్ని కొంచెం పైకెత్తి, ఆమె తల మీదుగా పక్కామెకు అందించేవాణ్ణి. ఆమె కళ్లు మూసుకుని ఉండేది.

పెద్దాయన మేనకోడలితో నా పెళ్లయింది. అప్పటినుంచీ నా అనుమానమంతా అక్క మీదే. ఆమె రహస్యం చేరవేసిందని కాదు, నా సంగతి ఆమెకు తెలుసేమోనని. నన్ను చూసి నవ్వితే ఎందుకు నవ్విందా అనుకునేవాణ్ణి. పలకరించకపోతే ఎందుకు పలకరించలేదా అనుకునేవాణ్ణి. మొదటి కాన్పుకు నా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు నగరంలో కర్ఫ్యూ. సడలించిన వేళ చూసుకుని అక్క అంత దూరం నడిచొచ్చింది, థర్మాస్‌లో రాగిజావతో. పసిదాని తల నిమిరి నా వైపు తిరిగింది.

“నువ్వే ప్రార్థన చెయ్యి తమ్మీ. నీ ప్రార్థన మంచిగుంటది.”

కండక్టర్ మాటే తిప్పి అంటోందనుకున్నాను. నోటికొచ్చిన రెండు ముక్కలు ప్రార్థించి ఆమెన్ అనేశాను. ఆమె వెళ్లగానే నా భార్యతో, “ఆమె ముందర మన ఇంటి ముచ్చట్లు మాట్లాడకు. మంచిది గాదు” అన్నాను. సంఘం వేసిన నింద ఒకటైతే, ఇది నేను సొంతంగా వేసింది. ఆ తర్వాత మా గుమ్మం దగ్గరికొచ్చినప్పుడు నా భార్య ఆమెను లోపలికి రమ్మనలేదు. ఆమె రావడం మానేసింది.

ఏళ్లు గడిచాయి. పాత అయ్యగారు వెళ్లిపోయారు, పెద్దాయన, ఆయన భార్య చనిపోయారు. కొత్త అయ్యగారు వచ్చి రెండు పక్షాలనూ ఒక కప్పు కిందికి తెచ్చారు. కండక్టర్, నేను ఒకే పాటల పుస్తకంలో చూసి పాడుకున్నాం. కలిసి చేసిన మొదటి బల్ల రోజున అయ్యగారే పళ్లెం పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లారు. అక్క చెయ్యి చాపలేదు.

“పెద్దలు ఇంకా చెప్పలేదయ్యగారూ” అంది.

“ఏ పెద్దలమ్మా?”

మేమంతా రాజీ పడిపోయాం గానీ, ఆమె మీద వేసిన మాట తీసెయ్యాలన్నది ఒక్కరికీ తోచలేదు. ఆమె మాత్రం ఆ మాటకు కట్టుబడి కూర్చుంది.

ఆ సాయంత్రం ఫలక్‌నుమాలో ఆమె ఉండే గదికి వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో రవికెకు హుక్కులు కుడుతోంది. చాప వేసింది. నేను తలవంచి, కళ్లు మూసుకుని, “ముందు ప్రార్థన చేసుకుందామక్కా” అన్నాను.

“కండ్లు తెరువు తమ్మీ. వచ్చిన పనేందో నా మొకం చూసి చెప్పు. ప్రార్థన తర్వాత.”

చెప్పాను. టైర్ల గుట్ట, కండక్టర్, క్యాలెండర్, పళ్లెం, నా భార్యకు చెప్పిన మాట, అన్నీ. ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

“నువ్వా?” అంది. “నీ మీద నాకు అనుమానమే లేకుండె.”

ఆమెకు తెలుసని నేను భయపడ్డ అన్నేళ్లూ ఆమెకు ఏమీ తెలియదు. రవికె పక్కన పెట్టి మళ్లీ అంది.

“నేను పెద్దాయన భార్యే చెప్పిందనుకున్న. ఆమె చెల్లె అవుతలి పక్షమే గద. చెల్లెకు చెప్పి నన్ను ముంగట పెట్టిందనుకున్న. కాళ్లకు నూనె రాసేటోళ్లు ఎవలున్నరని గూడ అడగలే. ఆమె చచ్చిపోతె పోయిన గని, మొకం చూడకుండనె మర్లొచ్చిన.”

అప్పుడు ఏడ్చింది. తనకు జరిగినదానికి కాదని నాకు తెలుసు.

“క్షమించక్కా” అన్నాను.

“ఆనాడు ప్రార్థన గొంతెత్తి జేసినవ్, అందరిన్నరు. గియ్యాల నా ఒక్కదాని చెవుల చెప్తున్నవ్” అంది, కళ్లు తుడుచుకుని రవికె మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.

తర్వాతి నెల మొదటి ఆదివారం, అయ్యగారు రొట్టె విరవబోతుంటే లేచి నిలబడ్డాను. నా పక్కన కండక్టర్ ఉన్నాడు, ఆడవాళ్ల వైపు నా భార్య, పిల్లలు ఉన్నారు. అలవాటుగా కళ్లు మూతలు పడబోయాయి. తెరిచే ఉంచి, తలుపు వైపు తిరిగాను.

“అక్కా, ఆనాడు మన మాట బయటపెట్టింది నేను. డిపోల ప్రార్థన జేసుకుంట చెప్పిన. నువ్వు కాదని నాకు ఆ సాయంత్రమే తెలుసు. తెలిసి తెలిసి నీ తల మీదికెల్లి పళ్లెం దాటించిన. నా ఇంట్ల గూడ నీ గురించి చెడ్డగ చెప్పిన. గీ మాట ఇందరి ముంగట చెప్తున్న. నన్ను క్షమించక్కా.”