మూరెడు మెచ్చుకోలు

టేపు మాస్టారు దేన్నయినా కొలవందే నమ్మరు. కొత్త కుర్చీ వస్తే కూర్చునే ముందు కొలుస్తారు. వాన పడితే గుమ్మం ముందు నీళ్లలో టేపు ముంచి, “రెండంగుళాలు. దీనికింత హడావిడా” అంటారు. యాభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. మెడలో టేపు లేకపోతే ఆయనకు మెడే లేనట్టుంటుంది.

అలాంటాయన కొట్టుకు ఫోన్లో ఒక పేజీ తెరిచి, రోజూ ఫొటోలు పెట్టే ఉద్యోగంలో చేరింది పోస్టుల అమ్మాయి. అదే ఆమె మొదటి ఉద్యోగం. వారం తిరక్కుండానే లెక్కలు పట్టుకొచ్చింది.

“మాస్టారూ, నిన్నటి పోస్టుని రెండొందల మంది చూశారండీ. లైకులు తొమ్మిది. అంటే నాలుగున్నర శాతం.”

“శాతాలు నాకెందుకమ్మా. పొడవెంత?”

“దేని పొడవండీ?”

“జనం మెచ్చుకున్నదాని పొడవు.”

అమ్మాయికి బుర్ర తిరిగింది. తను చదివిన చదువులో ఈ పాఠం లేదు.

“లైకులు బొత్తాలు. గుడ్డ లేకుండా ఎన్ని బొత్తాలుంటే చొక్కా అవుతుంది? కామెంట్లు గుడ్డ. అచ్చు తీసి, ఒకదాని కింద ఒకటి అంటించి పట్రా.”

పట్టుకొచ్చింది. మూడు కామెంట్లు కలిపి అంగుళమున్నర. అందులో ‘కొట్టు ఎన్నింటికి తీస్తారు’ అన్నదాన్ని ఆయన కత్తిరించి పక్కన పెట్టారు. “ఇది అడగడం. మెచ్చుకోవడం కాదు.”

ఆ రోజు నుంచి అమ్మాయి వేళ్లకు జిగురు వదల్లేదు. తను చేరింది పోస్టుల పనికో, కత్తిరింపుల పనికో ఆమెకే అర్థం కాలేదు.

కొట్టు వ్యవహారాలు చూసే అల్లుడికి ఈ టేపు గోల పట్టదు. “నెలాఖరుదాకా చూస్తా మావయ్యా. జనం కదలకపోతే పోస్టులూ వద్దు, అమ్మాయీ వద్దు” అనేశాడు. బీరువా వెనక ఉన్న అమ్మాయి అది వింది. వచ్చి ఇస్త్రీ బల్ల దగ్గర మొహం వేలాడేసుకుని కూర్చుంది. మాస్టారు తలెత్తకుండా ఒక చంటిపిల్ల గౌను కుడుతున్నారు.

“పెరిగే పిల్ల. లోపల నాలుగంగుళాలు మడత వదిలా” అన్నారు, ఎవరితోనో.

మర్నాడు పేజీలో ‘పాత గిరాకీ’ అని ఒకరు ఊడిపడ్డారు. మొహం ఉండాల్సిన చోట బొత్తాం ఫొటో. ‘నా ఎడమ భుజం కాస్త దిగి ఉంటుందని మా ఆవిడకే తెలియదు, ఈ కొట్టు మాస్టారికి తెలుసు’ అని మొదలుపెట్టి జానెడు రాశారు. ఆ మర్నాడు మూరెడు. అన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకే. ఎవరీ మనిషి, భోజనం చేయడా అని అమ్మాయి తికమకపడింది.

నెలాఖరున మాస్టారు అల్లుడి ముందు కామెంట్లు అంటించిన కాగితం చుట్ట విప్పితే అది బల్ల మీంచి గుమ్మందాకా దొర్లింది.

“లైకులు పదకొండేగా మావయ్యా?”

“గుడ్డ చూడు. బొత్తాలు కాదు.”

అల్లుడు ఇంకో నెల గడువిచ్చాడు.

ఆ మధ్యాహ్నం గుండుసూదుల డబ్బా కోసం అమ్మాయి ట్రయల్ రూమ్ తెర తీసింది. లోపల మాస్టారు స్టూలు మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఒక్క వేలితో ఫోన్ పొడుస్తున్నారు. ఆమె చేతిలో ఫోన్ మోగింది. పాత గిరాకీ కామెంటు.

“మీరేనా మాస్టారూ? ఇది మోసం కదండీ.”

“మోసమేంటి, మడత. నువ్వు పెరిగాక విప్పేస్తా.”

నవ్వాలో, కోప్పడాలో అమ్మాయికి తెలియలేదు. మర్నాడు ఉదయం ఎవరో నిజం మనిషి ‘కుట్టు బాగుంది’ అని రాశారు. మాస్టారు దాన్ని రెండుసార్లు కొలిచారు.

“అరంగుళం” అన్నారు, ఎంతో తృప్తిగా.

ఆ మధ్యాహ్నం పాత గిరాకీ కామెంటు సరిగ్గా అరంగుళం తగ్గింది.